ఐమూల కొలత

చిట్టి ఎత్తిన. చేతికొచ్చింది పదహారు వేల నాలుగు వందలు.
ఎర్రగడ్డల బస్సెక్కి కోఠీల దిగినం ముగ్గురం,
నేను, మా జంగయ్య, మా పెద్దది నవనీత.
సంచిల టేపు పెట్టుకున్న.
"టీవీ కొననీకి టేపెందుకే" అన్నడు ఆయన.
జాకెట్టుకైనా గోడకైనా
కొలవకుంట కత్తెర పట్టను నేను.

గుజరాతీ గల్లీల దుకాణం తర్వాత దుకాణం,
అన్నిట్ల ఒకటే నెమలి.
ఒకటే జలపాతం, ఒకటే కోసిన దానిమ్మ పండు,
గింజ గింజకూ మెరుపు.
మా ఇంట్ల దానిమ్మ అంత ఎర్రగ ఎన్నడన్న ఉన్నదా?
ఉన్నా ట్యూబులైటు కింద ఎవరు చూసిండ్రు?

"నలభై మూడు తీస్కోండక్కా,
క్రికెట్ల బాలు కుట్లు సుత కనవడ్తయ్."
కుట్లు అనంగనే జంగయ్య నా దిక్కు చూసిండు,
ఇగ ఒప్పుకుంటనని.
టేపు తీసి అడ్డంగ పట్టిన. ముప్పై ఏడున్నర.
"నలభై మూడంటివి గద తమ్మీ, తక్కినయి ఏడవొయినయ్?"
పోరడు నవ్విండు. ఫర్హాన్ అని అంగి మీద రాసున్నది.
"ఐమూల కొలుస్తరక్కా, ఈ మూలకెల్లి ఆ మూలకు."
గప్పుడు సమజైంది.
క్రాస్ కటింగు నాకు ఎరుకే,
ఐమూల గుంజితే ఏ గుడ్డైనా సాగుతది.
వీళ్ళు అద్దాన్ని సుత సాగదీసిండ్రు.

మా బీరువాకు దర్వాజకు నడుమ గోడ ముప్పై ఆరు.
అంగుళమున్నర ఎక్కువైంది.
జాకెట్టయితే లోపలి కుట్టు విప్పి వదులు చేస్త,
గోడకు కుట్లేడియి?

ముప్పై రెండు చూసినం. నవనీత మూతి ముడిచింది,
"లెక్కల వీడియోల వర్గమూలం గుర్తు
చీమ లెక్క ఉంటదమ్మా."
నేనొకటి అడిగిన:
"తమ్మీ, అన్నీ చాలూ చేసే చూపిస్తున్నవ్,
ఒకటి బంద్ చేసి చూపియ్."
బిత్తరపోయిండు.
మాది ఒక్క అర్ర. కిటికి ఎదురుంగనే.
రోజుకు ఇరవై గంటలు అది బందే ఉంటది,
నేను మిషన్ మీద కూసుంటే
అండ్ల నా మొకం తళతళమంటదా లేదా,
చూసుకోవద్దా?

అప్పుడు మూలకున్నది చూపిచ్చిండు.
నలభై. అడ్డం ముప్పై ఐదుకు దారమంత తక్కువ.
"డిస్‌ప్లే పీసక్కా. ఎనిమిది నెలలు నడిచింది.
రెండు వేలు తగ్గిస్తం."
జంగయ్య నా మోచెయ్యి గిల్లిండు, వద్దని.
వాడిన సరుకట.

ఎనిమిది నెలలు.
పొద్దున పదికెల్లి రాత్రి తొమ్మిదిన్నర దాంక
ఎవరొచ్చినా అదే నెమలి, అదే పండు,
కొనేటోళ్ళకూ కొననోళ్ళకూ ఒకటే వెలుగు.
పెండ్లికి ముందు అమీర్‌పేటల
చీరల షాపుల చేసిన మూడేండ్లు.
కుర్చీ ఉండకపోయేది.
కొంగు భుజాన ఏసుకొని చూపిచ్చి చూపిచ్చి
అద్దంల నా ఒంటి మీద వెయ్యి చీరలు చూసిన,
ఒక్కటి ఇంటికి రాలే.

"నిన్ను కూసోనిస్తరా తమ్మీ?" అన్న.
"సేట్ చాయ్‌కి పోతే" అన్నడు, మెల్లగ.

బిల్లు మీద వారంటీ ఏడాది నిండుగ రాయిపిచ్చిన,
ఇయ్యాల్టి తారీఖు నుంచి,
నెమలి ఎగిరిన నాటి నుంచి కాదు.
గోడకు బిగించే కడ్డీ ఊరికే ఇయ్యమన్న, ఇచ్చిండు.
రిమోట్‌కు సెల్లులు మాత్రం ఇయ్యలే.

ఆటోల పండవెట్టొద్దన్నరు,
అద్దం పగులుతదట, నిలవెట్టే తేవాల్నట.
మోకాళ్ళ నడుమ డబ్బా పట్టుకొని
ఇంకా నిలవడాల్నా నువ్వు, అనుకున్న.

రాత్రి పైనింటి సబీహా ఆపా తన ఫోనుకెల్లి నెట్ ఇచ్చింది.
తెర మీద తెల్ల గుండ్రం తిరుగుతనే ఉన్నది.
ఏదో అప్‌డేటట. గంటన్నర.
జంగయ్య గురక. పుస్తకం మీదనే నవనీత తల.
లేచి బంద్ చేసిన.
వీధి లైటు కొంచెం వడ్డది దాని మీద, ఎక్కువేం కాదు.
ఇయ్యాల్టికి సాలు తియ్, అన్న.
రేపు చూద్దం.