కాటా

బంగారుపాళెం దాటినాక ఎడమ పక్క గుజ్జు ఫ్యాక్టరీ.
రాత్రి పదకొండుకు సిస్టం అప్‌గ్రేడ్ చేసింది నేనే,
అది ముందే ఒప్పేసుకుంటున్నా.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
చీమల బారులా పైకి పోయి పోయి ఆగినాయి.
అంతా బాగానే ఉంది,
కాటా మాత్రం కంప్యూటర్‌తో మాట విడిచింది.

బయట ముప్పై ఏడు ట్రాక్టర్లు.
అడుగు కాయలు నలిగి రసం టైర్ల మీదికి కారతా ఉంది.
చెంగల్రాయుడు కిటికీలో తల పెట్టి
"ఏమప్పా, ఇంకెంత సేపు?
నీ మిషను చెడిందని కాయకు తెలవదు గదా."

పదేళ్లుగా ఆ కార్డును ఈటీహెచ్ సున్నా అనే పిలిచినాం.
ఫైల్లో, ఫైర్‌వాల్లో,
గోడకు అంటించిన కాగితంలో
నాకు ముందున్న దొరస్వామి గుండ్రటి చేతిరాతలో.
ఇప్పుడు పిలిస్తే
అట్లాంటి పరికరం లేదు, అంటుంది తెర.

లేకపోవడమేంది?
బల్ల కింద దూరి చూసినా.
పచ్చ లైటు మినుకుతా ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంది.
వైరు పీకి మళ్లీ గుచ్చితే టిక్కుమంది.
ఉంది. ఉండి, పలకడం లేదు.

రెండు టీలు చల్లారిపోయినాక
లాగ్‌లో వెయ్యిన్నో గీత కాడ వేలు ఆగింది:
ఈటీహెచ్ సున్నా పేరు మారినది,
ఇకమీదట ఈఎన్‌పీ మూడు ఎస్ సున్నా.
అంతే. ఎవురినీ అడగలేదు.

పాత పద్ధతిలో ముందు నిద్ర లేచినోడు సున్నా,
తర్వాతోడు ఒకటి. మా గేటు టోకెన్ల లెక్కే.
కొత్త పద్ధతిలో కూర్చున్న చోటే పేరు:
మూడో వీధి, సున్నా నంబరు అర.

మా తాత ఐరాల విడిచి యాదమరిలో దిగినాడు గనక
మేం ఐరాలోళ్లం.
ఐరాలలో ఉన్నన్నాళ్లూ
ఎవురూ మమ్మల్ని అట్ల పిలవలేదు.

రేపు ఇంకో కార్డు పక్కన చేరితే
ఈ మూడు నాలుగైనా కావచ్చు.
అందుకని చోటును నమ్మకుండా
పుట్టుకతో దాని ఒంటి మీద పొడిచిన పచ్చబొట్టు,
ఆరు జతల అంకెలు, చూసి చూసి రాసుకున్నా.
ఈ పచ్చబొట్టు ఎవరికుంటే వాళ్లకు
నేను పెట్టిన పేరే, అని ఒక చిన్న ఫైలు.
పదిహేను అక్షరాలు దాటకూడదంట.
మా ఊళ్లో సగం మంది పట్టరు.

కాటా, అని కొట్టినా.
ఫైర్‌వాల్లో పాత పేరు మిగిలిపోయి
ఇంకో అరగంట తిట్లు తిన్నా, అది వేరే సంగతి.

రెండుంబావుకు మొదటి బండి ఎక్కింది.
తెర మీద అంకెలు ఊగి ఊగి నిలబడినాయి.
మొగిలమ్మ చీటీని బల్బు కిందికి పట్టుకొని
మనవడి చేత చదివించుకునింది.
"తోతాపురి అని ఎవురు రాసినారు నాయనా?
నావి బెంగుళూర కాయలు."

రెండూ ఒకటే అవ్వా, అన్నా.

"ఒకటే అయితే
నేను పిలిచేదే రాయొచ్చు గదా."