ఎనిమిదో నంబరు ట్రాములో సముద్రం

ఫిబ్రవరి. ఓస్ట్రావాలో ఇంకా తెల్లవారలేదు.
డిపోలో ఎనిమిదో నంబరు ట్రాము
దగ్గుకుంటూ లేచింది, అచ్చం నాలాగే.
అద్దం మీది మంచు గీకుతూ
వేళ్ళు కొంకర్లు పోతుంటే
జులై గురించి ఆలోచిస్తాను.
నూట నలభై ఎనిమిది రోజులు.

మొదటి స్టాపులో ఎక్కింది ఇద్దరే.
తలుపులు మూసుకునేలోపు గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటి:
దీవికి వెళ్ళే పడవలో కారుకి చోటు. ఇప్పుడే, ఈ వారమే.
పోయినేడు మా చెల్లెలు బ్లాంకా
క్రొయేషియా రేవులో ఏడు గంటలు ఎండకి మాడి
ఎర్రగా, కోపంగా, ఉడికిన పీతలా
ఫోటోలో నిలబడింది.

రెండో స్టాపు దగ్గర ఎర్ర దీపం.
మా ఆయన రదీమ్‌ది కట్లెట్ల లెక్క.
పద్నాలుగు గంటల దారి, నలుగురు మనుషులు,
తలా ఆరు, వెరసి ఇరవై నాలుగు.
"అక్కడ తిండి దొరకదా?" అన్నాను.
"తిండి దొరుకుతుంది, డబ్బే దొరకదు" అన్నాడు.
గని మూసేసినప్పటినుంచి
ఆయన హాస్యానిది కూడా బొగ్గు రంగే.

హినెక్‌కి పదిహేనేళ్ళు. కొండరాతి మీంచి దూకాలట.
ఎంత ఎత్తో చెప్పడు.
అపొలేనాకి ఆక్టోపస్ కనిపించాలి,
కనిపించి, తనని గుర్తుపట్టాలి.
ఆలూ లేదు, చూలూ లేదు,
నీలం తువ్వాలు ఎవరిదని
రాత్రి వంటింట్లో పెద్ద యుద్ధం.

నాకేం కావాలో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని:
ఎవరూ గంట నొక్కని చోటు.
పట్టాలు లేని నీళ్ళు.

ఇంతకీ అసలు సంగతి చెప్పనే లేదు.
నిన్న, కట్లెట్ల మీది రొట్టెపొడి
రాలిపోకుండా ఏం చెయ్యాలా అని
అత్తగారి వంటల పుస్తకం తీశాను.
మధ్యలో మడత పెట్టిన కాగితం. ఊదారంగు పెన్సిలు. 1974.
పైన "సముద్రం దగ్గర" అని రాసి, కింద గీత.
ఈత దుస్తులు, నీలంవి.
ఉప్పునీళ్ళు నాలుక మీద ఒక్క చుక్క, నిజమో కాదో.
ఫ్రాంత్యాకి ఈత నేర్పాలి, నవ్వకుండా.
ఏ రోజూ ఆరింటికి లేవకూడదు.
అడుగున సిరాతో, వేరే రోజు రాసిన మాట:
అనుమతి రాలేదు.

కాగితం తిప్పితే
క్యాబేజీ పులవబెట్టే పద్ధతి, ఉప్పు కొలతతో సహా.
కాగితం వృథా చేసే మనిషి కాదు క్వ్యేతా.

తీసుకెళ్ళి చూపించాను.
కళ్ళద్దాలు లేకుండానే చదివింది.
"నీలంది కొన్నాను," అంది,
"చిరిగేదాకా ఊరి చెరువులోనే కట్టాను.
ఫ్రాంత్యా గట్టు మీద కూర్చుని చేపలు పట్టేవాడు.
చేపలకి కూడా నమ్మకం లేదు ఆయన మీద."
"ఇప్పుడు వస్తారా మాతో?"
"నన్నెందుకు? నా మోకాళ్ళని అడుగు."
టీవీ గొంతు పెంచింది. సరే, మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

కానీ ఈ ఉదయం నాలుగింటికి
నేను బూట్లు తొడుక్కుంటుంటే
చీకట్లో, తన గది తలుపు సందులోంచి:
"అక్కడ ఒడ్డంతా రాళ్ళేనటగా.
నీళ్ళలోకి రబ్బరు చెప్పులు కావాలటగా.
నా సైజు ముప్పై ఏడు.
ఏదో, చెబుతున్నానంతే."

ఆరో స్టాపు, ఏడో స్టాపు. ఫ్యాక్టరీ షిఫ్టు జనం
తడి కోట్లు, ఉల్లిపాయ వాసన, సగం నిద్ర.
ఏ ముసలామె ఎక్కినా
కాళ్ళవైపే చూస్తున్నాను, ముప్పై ఏడా, ముప్పై ఎనిమిదా అని.

కారులో అయిదోవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?
వెనక మధ్యలో హినెక్ మోకాళ్ళు మడుచుకోవాలి.
గొడుగు వద్దు. గాలిపరుపు వద్దు.
డబ్బాల మాంసం సగం చాలు.
ఆమెకి నీడ, కుర్చీ, మెట్లు లేని గది.
ఆరింటికి ఎవరూ లేపకూడదు, ముఖ్యంగా నేను.

మళ్ళీ ఎర్ర దీపం.
డ్యూటీ షీటు మూలన
ఇరవై నాలుగు కొట్టేసి
ముప్పై అని రాశాను.
వెనక ఎవరో గంట నొక్కారు.
నొక్కనీ.