తువ్వాలు కింది ధర

సూదిలో దారం ఎక్కించడం నా పని.
ఎర్నమ్మ పెద్దమ్మకి చూపు ఆనదు గాని
దారం పొడుగు వేలికి తెలిసిపోతుంది.
"మూర దాటితే పీటముడి పడతాదొలే,
తలుగు పొడుగైతే దూడ కాళ్ళకి సుట్టుకోదా?"

గుణుపురంలో మా వీధి అరుగు మీద
మూడు వానాకాలాలుగా ఇదొక్కటే బొంత.
ఎదురింటి సావిత్రీ మావుసీ కంథా అంటుంది.
పెద్దమ్మ బొంత అని కూడా అనదు,
మంద అంటుంది.
"మందని ఎండలో ఎయ్యి."
"మబ్బట్టింది, మందని లోపలికి తే."

గుడ్డలకి రంగులు చెప్పదు.
బూడిద రంగు పంచె ముక్క మైల.
నా చిన్నప్పటి ఎర్ర గౌను కపిల.
మచ్చల జాకెట్టు బొల్లి,
వెలిసిపోయిన తేనెరంగు దుప్పటి పుల్ల.
నీలం చీర తెచ్చిస్తే పక్కకి నెట్టేసింది.
"నీలం ఆవుని నువ్వెక్కడైనా సూసినావా?"
కాసేపటికి ఏమనుకుందో
తనే లాక్కుని, నిలువునా చింపి,
బొంతకి అడ్డంగా పరిచింది.
"ఉండనీ. ఏరు కావాల గదా."

ఆ ఏటిని వాళ్ళ అయ్య దాలినాయుడు
ఏడాదికి నాలుగుసార్లు దాటేవాడట.
కొండ సంతల్లో గిత్తల్ని కొని
ఏడు పగళ్ళు పల్లానికి తోలుకుంటూ.
సవర ఊళ్ళలో పుట్టిన గిత్తలకి
హై అంటే తెలీదు, ఓ అంటే తెలీదు,
మొదటి రోజు తిట్టిన బూతులన్నీ దండగ.
వంశధార దిగి ఎక్కేసరికి తెలుగు వచ్చేసేది.
"నాకంటే బేగి నేర్చీసుకున్నాయి" అనేవాడట,
చచ్చేదాకా ఒడియా రాని మనిషి.

కుట్టు వరస తిన్నగా ఉండదు.
గట్టు దిగే చోట పొట్టిగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ.
చదును తగిలాక సాగి, బద్ధకంగా.
నీలం అంచున గుంపుగా ఆగి, మూతులు వంచి.
ఒకచోట ఒంటికుట్టు ఒకటి పక్కకి తప్పి
వెళ్ళి వెళ్ళి ఆగిపోయింది.
"అది సుక్కోడు. పులి."
అంతే అంది. సూదిని తలలో ఓసారి రాసుకుని
మిగతా మందని అదిలించింది.
సూది కూడా ముల్లే, కర్ర ఒక్కటే తక్కువ.

నడిమధ్యలో తువ్వాలు.
ఉతికినా వదలని చుట్ట వాసన.
"దీని కిందే యేళ్ళు పట్టుకునేవోలు బేరానికి.
ఒక యేలు వంద, పిడికిలి ఐదొందలు,
గోరు గీకితే పైన పాతిక.
నోరు మట్టుకు వానల కబుర్లాడీది."

అన్నీ దున్నడానికేనా కొనేవారు, అన్నాను ఊరికే.

దారం లాగింది.
ముడి వేసింది.
పంటితో కొరికింది.

"కొందరి అరసేతుల్లో కాయలుండేవి కావంట.
మెత్తగుండేవంట, ఎన్నడూ మేడి పట్టనట్టు.
అయ్యకి తువ్వాలు కిందే తెలిసిపోయేదంట."
మరి?
"మరేటి. యేలు ఎనక్కి తీసుకోనేదు.
ఆ యేడే మా యింటికి పెంకులేసినారు,
నాకు ముక్కుపుడక."

తువ్వాలుకి మూడు వైపులే కుట్టింది.
మర్చిపోయిందనుకుని సూది ఎక్కించి అందించాను.
నా చెయ్యి తోసేసింది.
"అది సాలకి తలుపు. ఉండనీ."

రాత్రి చలి పడింది.
కుట్టడం అవకుండానే కప్పుకున్నాం ముగ్గురం.
మా చంటోడు నిద్రలో తడిపేశాడు,
సరిగ్గా నీలం దిగువన.
"ఏరు పొంగింది" అని పెద్దమ్మ
పొట్ట పట్టుకుని నవ్వింది.

దీపం తీసేశాక
కుట్టని వైపు నుంచి తువ్వాలు కిందికి
ఆమె చెయ్యి వచ్చింది.
నా రెండు వేళ్ళు పట్టుకుంది. వదిలింది.
పిడికిలంతా పట్టుకుంది.
గోటితో ఒకసారి గీకింది.

అది ఎంతో, దేనికో నాకు తెలీదు.
నా అరచేతిలో కూడా కాయల్లేవు.
వేళ్ళు వెనక్కి తీసుకోలేదు.

పైకి మాత్రం, చీకట్లో,
"మందని ఆరెయ్యాల,
తెల్లారి ఎండ కాస్తాదంతావా?" అంటోంది.