తొంభై దాటిన వంపు

మిర్యాలగూడల మూతబడ్డ రైసుమిల్లు.
షెడ్డు నేల మీద సుద్దముక్కతోని
గీత గీసిండు ఉప్పలాచారి.
ముందుగాల నలభై ఐదు డిగ్రీలు.
చెప్పుకాలుతోనే చెరిపిండు.
అరవై. అదీ చెరిపిండు.
తొంభై గీసి, దూలానికి తూకం గుండు యాలాడదీసి
ఎన్కకు జరిగి ఒంటికన్నుతోని చూసిండు.
గోడ కట్టే మేస్త్రీకైతే అక్కడితోని పని ఒడుస్తది.
ఈయనకు ఒడువలే.
గీతను ఇంకో ఐదు డిగ్రీలు లోపటికి వంచిండు.

"కిందికి పడుడు ఒక్కటే కాదురా,
ఎక్కొచ్చిన తొవ్వ కిందికే దూరాలె."

గ్రైండరు పట్టేటోన్ని నేను.
నిప్పురవ్వల భాష తెలుస్తది, ఇది తెల్వలే.

దేవరకొండ దిక్కు వాళ్ల నాయిన
మోటబావులకు గిలకలు చేసేటోడంట.
ఎడ్లు వాలు దిగుతుంటే బొక్కెన పైకొచ్చుడు,
ఎడ్లు ఎన్కకు నడుస్తుంటే బొక్కెన లోపటికి పోవుడు,
పొద్దంత అదే చూసుకుంట పెరిగిండంట.
ఒక బావి ఉండె: నోరు ఇరుకు, కడుపు వెడల్పు.
ఒడ్డున బోర్లపండి రాయి ఇడిస్తే
గోడకు తాకకుంట పోయి పోయి
ఎప్పటికో నీళ్లు పలికేటియి.
"ఆ నడుమ సప్పుడు లేని జాగ ఉంటది సూడు,
దాన్ని ఇనుముతోని చెయ్యాలె."

ఎగ్జిబిషన్ల కాంట్రాక్టరు మునవర్ నెత్తి కొట్టుకున్నడు.
"తిరిగేటిది చెయ్యవయ్యా, పైసలొస్తయి.
పడేటిదానికి టికెట్ ఎవడు కొంటడు?"

యాభై రెండు అడుగులు లేచింది కళ్లంల.
మొదటి సవారీ ఆరు ఊక బస్తాలది.
అంచు దాటంగనే బండి వంపు తిరిగింది,
ముందటి బస్తా తిరగనన్నది.
లేచింది. గాలిల జరంతసేపు కూసున్నది.
పగిలింది.
మునవర్ గడ్డంల ఊక, చాయ్ గిలాసల ఊక,
పొరుగు మిల్లోళ్లు గోడెక్కి నవ్వుతున్నరు.

ఉప్పలాచారి నెత్తి దులుపుకోలే,
గట్లనే కూసోని గీసిండు:
ఒళ్లెకు దిగే కడ్డీ,
పట్టా మీద ఒక చక్రం, పక్కకొకటి, కిందొకటి,
కొమ్మను పట్టుకున్న కోతి పిడికిలి లెక్క.
నల్లగొండ పాలిటెక్నికుల చదివే మేనకోడలు నవనీత
ఆదివారం వచ్చి ఒక్క మాట అన్నది:
"మామా, వంపు ఒక్కపాలే మొదలువెడితే మెడ ఇరుగుతది.
మెల్లగ మొదలువెట్టు, పోంగ పోంగ బిగియ్యి."
పదిహేడు దినాలు కాల్చిన పట్టా
మళ్ల కోసినం.

బస్తాలు అయిపోయినయి. ఇసుక అయిపోయింది.
ఎవలన్న కూసోవాలె. అందరు నన్నే చూసిండ్రు.

అంచు మీద బ్రేకు పట్టుకుంటది,
మూడు అంకెలు లెక్కవెట్టేదాంక.
ఒకటి: సాగర్ ఎడమకాల్వ, ఎండకు రేకు ముక్క లెక్క.
రెండు: వడ్ల ట్రాక్టర్ల లైను,
ఎనిమిదో ట్రాక్టర్ మీద ఎవడో నిద్రపోతున్నడు.
ముందల పట్టా కనపడలే. కిందికి చూసిన,
కింద సుత లేదు. అది నా ఎన్కకు పోయింది.
ఏడు నెలలు నేనే నున్నగ రుద్దిన పట్టా,
ఉన్నదో లేదో నాకే అనుమానం.

మూడు

నీళ్లు తాగిచ్చిండ్రు.
నవనీత గడియారం చూసి ఏందో రాసుకున్నది.
ఉప్పలాచారి దగ్గరికొచ్చి, చెవుల చెప్పినట్టు,
"సప్పుడైందారా?" అన్నడు.
"కాలే."
మొఖం అటు తిప్పుకొని
జేబుల సుద్దముక్క దేవులాడిండు.

నా ఎడమకాలి చెప్పు మాత్రం
ఇప్పటిదాంక దొరకలే.