అరచేతిలో చుక్క

డాక్టరు రిపోర్టు తిప్పి
నా మొహం కాదు, దాని మొహమే చూస్తా చెప్పినాడు:
ఎండు చేప తినబాకమ్మా, ఉప్పు చేప అసలే వద్దు,
మాంసం మాట మర్చిపో,
ఆకుకూరలు తిను.

గంప బయట దించి లోపలికి పోయినా.
గోనెపట్ట కింద, జువ్వలదిన్నెలో
తెల్లారకముందే పాటలో కొన్న కానాగంతలు.
ముక్కు మూసుకుని పిలిచినాడు కాంపౌండరు:
పామంజి కావేరమ్మ, యాభై మూడు.

వాళ్ళిచ్చిన కాగితంలో బొమ్మలున్నాయి.
క్యారెట్టు తెలుసు, బీన్సు తెలుసు,
పచ్చగా ముడుచుకున్న పువ్వొకటి, అదేందో తెలీదు.
చేప బొమ్మ మీద అడ్డంగా ఎర్ర గీత.
గీసినోడు చేపని చూసినోడు కాదు,
దానికి మొప్పలు పెట్టలేదు.

ఆటోలో వస్తా లెక్కేసుకున్నా.
మా అమ్మ ఏం తినింది?
ముప్పాతిక కడుపుకి సజ్జ సంగటి.
ఇసకలో పాకే గలిజేరు,
ఉప్పు కయ్యల్లో మొలిచే ఇలకూర,
ఉడికించి, నీళ్ళు వంచి, మళ్ళీ ఉడికించి.
చేప అంటే వల దయ.
పడిన రోజు ముక్క, పడని రోజు చింతపులుసులో దాని పేరు.
పొట్టేలు ఏడాదికొకసారి, పోలేరమ్మ తిన్నాక మాకు.

నేనేమో
పొద్దున ఇడ్లీలోకి నిన్నటి పులుసు,
మద్దేనం తెల్లన్నం గుట్ట, గుట్ట పక్కన వేయించిన నెత్తళ్ళు,
ఆదివారం కోడి, బుధవారం కోడి,
రాత్రి పదింటికి కొడుకు పొట్లంలో తెచ్చే బిర్యానీ.
సంగటి ఎప్పుడు మానినామో గుర్తులేదు.
మానమని ఏ డాక్టరూ చెప్పలేదు.

"చేపలమ్మేదానివి నువ్వే తినకపోతే
ఎవురు కొంటారే" అన్నాడు ఇంటాయన.
నవ్వులాటకే అన్నాడు.
నాకు మాత్రం ఆ రాత్రంతా ఇంకో మాట:
నాకు వద్దన్న ఉప్పు చేప
రేపు ఎవురి గిన్నెలో వెయ్యాల నేను?

కావలి ట్రంకు రోడ్డు పక్కసందులో వకుళ టీచరు.
ఇరవయ్యేళ్ళుగా నా కేక వినపడితే
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే మనిషి
మూడు రోజులు గేటు కాడ ఊరికే నిలబడింది.
నాలుగో రోజు, గొంతు తగ్గించి:
"పిల్లకి రక్తం తక్కువంట.
గుడ్డో చేపో పెట్టమన్నారు.
వాసన లేని చేప ఉంటుందా?"

నవ్వలేదు నేను.
నా రవికలోనూ ఒక కాగితముంది గదా.

ఉండదమ్మా. మంచి వాసన, చెడ్డ వాసన, అంతే.
మొప్ప ఎత్తి చూడు, దాసాని పువ్వు మాదిరి ఉండాల.
వేలితో నొక్కు. గుంట పడిందా, నేనే ఇచ్చినా తీసుకోబాక.

చాచిన వేలు వెనక్కి పోయి
మళ్ళీ వచ్చి తాకింది.
"చల్లగా ఉందే" అనింది,
ఇన్నేళ్ళూ కాలుతుందనుకున్నట్టు.

కొనలేదు.
మర్నాడూ కొనలేదు. దొడ్లో అవిసాకు కోసి
కవరు నిండా నాకిచ్చింది.
పెసరపప్పుతో ఎట్టా వండాలో చెప్పి,
"మేం వెల్లుల్లి వెయ్యం, మీరు వేసుకోండి" అనింది.
తర్వాత శుక్రవారం, గుమ్మంలోకి రాకుండా
రెండు సందువలు అడిగింది.
ముళ్ళు తీసి, కడిగి, ఆకులో చుట్టి ఇచ్చినా.
పిల్ల తినిందో లేదో
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు పొయ్యిలు.
చిన్నదాని మీద నాకు అవిసాకు పప్పు. చేదు.
నాలుక అలవాటు పడతా ఉంది, రొంత రొంత.
పెద్దదాని మీద వాళ్ళకి పులుసు,
మామిడికాయ ముక్కలు మెత్తబడి, నూనె పైకి తేలి.

దించే ముందు ఉప్పు చూడాల.
ఆ ఇంట్లో ఇంకెవురికీ చూడటం రాదు.
గరిటె ఒంచి అరచేతిలో ఒక్క చుక్క.
దీని గురించి కాగితంలో ఏమీ రాయలేదు.
నాలుకకి తగలంగానే
సముద్రం ఒకసారి లోపలికొచ్చి, పోయింది.

రొంత తక్కువైంది ఉప్పు.
వెయ్యలేదు.