పదిహేను డేగలు

సెప్టెంబరు. నల్లసముద్రం మీంచి లేచిన తేమకి
సఖల్వాషో కొండదారి సబ్బుముక్కలా ఉంది.
వీపున అయిదువందల మిల్లీమీటర్ల లెన్సు,
నిద్రపోయిన పిల్లాడు తల వాల్చినట్టు.
నాకు యాభై రెండేళ్ళు.
కుడిభుజం మాత్రం నాకంటే పెద్దది,
వాన కబురు ఒకరోజు ముందే చెబుతుంది.

పైకి చేరేసరికి
వందల తేనెడేగలు ఒకే సుడిలో గిరికీలు కొడుతున్నాయి,
పొంగిన పాలు గిన్నె అంచు దాటినట్టు
టర్కీ వైపు ఒలికిపోతూ.
నేను ముక్కాలి స్టాండు విప్పి, మరలు బిగించి,
ఊపిరి ఎక్కడుందో వెతుక్కుని
కన్ను ఆనించేలోపు
ఆకాశం ఉత్త ఆకాశం.

అలాగని దాన్ని తిట్టలేను.
నిరుడు ఒక్క బొమ్మ ఇచ్చింది:
పాముడేగ కంటి పసుపులో కొండ,
కొండమీద మనుషులు,
మనుషుల్లో ఒక ఎర్రటోపీ.
ఆ టోపీ నాది.
పిట్ట నన్ను అంత స్పష్టంగా చూసిందని
నేను దాన్ని చూశాకే తెలిసింది.

తేలికది కూడా ఉంది. నాలుగువందలది, కిలోంబావు.
బజారుకెళ్తూ వంకాయల మీద పడేసుకోవచ్చు.
చెయ్యెత్తితే చాలు, పిట్ట వెంట చూపులా తిరుగుతుంది.
కానీ దూరం పెరిగిందా,
వెయ్యి ఈకల్నీ కలిపి ఒకే గోధుమరంగు మాట అంటుంది.
అబద్ధం కాదు.
నసుగుతుంది, అంతే.

మంచు పడేలోపు ఇంటికప్పుకి రేకులు వెయ్యాలి.
రెండింట్లో ఒకటి అమ్మక తప్పదు.

పొరుగింట్లో నూరి. డేగల వేటగాడు.
పేరుకి తగ్గట్టే, మాటని నూరి గానీ బయటికి వదలడు.
రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద
తన డేగని నిలబెడతాడు.
"రెండువందల అరవై. ఇవాళ ఎగరదు.
నిన్న పూరేడు పిట్ట మాంసం ఎక్కువ పెట్టాను."
ఎంతుంటే ఎగురుతుందన్నాను.
"రెండువందల నలభై.
ఇరవై గ్రాములకి అటు బద్ధకం, ఇటు బాణం."
ఇంకా తగ్గిస్తే?
"ఇంకా పదును.
ఇంకా తగ్గిస్తే, చావు."

నా బరువు లెన్సుని అడిగి తీసుకున్నాడు.
ఇనపరాళ్ళు చాలలేదు. పుల్లరేగు పచ్చడి సీసా పెట్టాడు,
ఒక ఉల్లిపాయ పెట్టి, తీసేశాడు.
మూడు కిలోల తొమ్మిదివందలు.
వేళ్ళమీద లెక్క కట్టాడు, పెదాలు కదిలాయి.
"పదిహేను డేగలు, మఖ్వాలా.
ఒక్క డేగ కోసం
పదిహేను డేగల్ని మోస్తూ కొండెక్కుతున్నావు."

మోసేవాడికే తెలుసు కావడి బరువని అంటారు.
నాకు తెలియలేదు.
మోసి మోసి అది నా నడకైపోయింది.

పూరేళ్ళ కాలం ముగిసింది.
గురువారం డేగని వదిలేస్తున్నాను, రమ్మన్నాడు.
తెల్లారకముందే భుజం వాన కబురు చెప్పింది.
తేలికదే పట్టుకెళ్ళాను.

టీతోట అంచున నిలబడి
కాలి తోలుపట్టీ కోశాడు.
దానికి ఏమీ చెప్పలేదు. ముద్దూ పెట్టలేదు.
పిడికిలి కాస్త ముందుకి చాపాడు.

ఎనిమిది బొమ్మలు.
ఏడింట్లో డేగ ఒక బూడిదరంగు గీత.
ఎనిమిదోదాన్లో డేగే లేదు.
నూరి చెయ్యి ఉంది, తోలుతొడుగు కుట్లు లెక్కపెట్టేంత స్పష్టంగా,
ఉండాల్సిన చోటుకంటే జానెడు పైన.
నలభైరోజుల బరువు ఒక్కసారి లేచిపోతే
చెయ్యి దానంతటదే పైకి తేలింది.
ఆయన ఇంకా దించలేదు.

బొమ్మ చూపిస్తే అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఇదెందుకు తీశావు?" అన్నాడు.
తీయలేదు, పడిందన్నాను.

రేకులవాడు రేపొస్తానన్నాడు.
రెండు లెన్సులూ బల్లమీద పక్కపక్కన.
తేలికదా, తేటదా,
ఇంకా తేలలేదు.