బతికున్నట్టు

గవర్నరుపేట ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్లు.
హెడ్‌సెట్ నొక్కిన చోట
జుట్టు ఇప్పటికీ పలచనే.
ఎవరెవరి ఏడుపులో, బేరాలో
మద్రాసు మీదుగా
నా చెవిలోంచే సముద్రం దాటాయి.
పెనాంగ్ అన్న పేరు మాత్రం
పలికినప్పుడల్లా నాలుక మీద పటికబెల్లం.

పాత క్యాలెండరు వెనక లెక్క వేశాను:
పింఛను ఇంత, వీసాకు డిపాజిట్టు ఇంత,
అద్దె, మోకాలి మందులు.
కందిపప్పు దొరుకుతుందట.
గోంగూర సంగతి ఎవరూ తేల్చి చెప్పరు.

బ్యాంకులో కుర్రాడు ఫారం తిప్పుతూ
"అక్కడ మీకెవరున్నారండీ?"
"ఎవరూ లేరు నాయనా."
పెన్ను ఆగిపోయింది.
ఇక్కడ మెట్టుకొకరున్నారు మరి,
ఒక్కదానివే ఎట్టాగమ్మా అనడానికి.

బెంగల్లా ఒకటే.
ఏటా నవంబరులో
బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చూపాలి.
ఇక్కడే నా వేలు మెషీనుకు ఆనదు,
తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెడితే
సరే ఉన్నావులే అంటుంది.
అక్కడ్నుంచి ఎవరు కలుపుతారు నా లైను?

పాస్‌పోర్టు ఫోటోకని తల దువ్వుతుంటే
ఆ పలచని చోటు తగిలింది.
పక్క జుట్టు లాగి కప్పబోయి,
ఊరుకున్నాను.
కనపడనీ.